పికిల్ వద్దనే హక్కు

చీజు, కెచప్, మస్టర్డ్, మయోనీజ్, ఉల్లిపాయ, టమాటా, లెట్యూస్, పికిల్. మొత్తం ఎనిమిది. ఒక్కొక్కటీ కావాలో వద్దో మన ఇష్టం. రెండుని ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే 256. డేవ్ థామస్ 1969 నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో వెండీస్ మొదటి దుకాణం తెరిచాడు. ఆ తర్వాత ఆ కంపెనీ ఈ అంకెనే ప్రకటనలకెక్కించింది. మా హాంబర్గర్‌ని 256 రకాలుగా తినొచ్చు అని చెప్పుకుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం చేసినదాన్ని. ఈ అంకె వినగానే నోరూరడం మాట అటుంచి, ఎనిమిది స్విచ్చులూ 256 టెస్ట్ కేసులూ కళ్ళకు కట్టాయి. మొదటి కేసు అన్నీ వద్దన్నవాడిది. వాడికి దక్కేది బన్నూ మాంసమూ మాత్రమే. ఆఖరి కేసు అన్నీ కావాలన్నవాడిది, వాడు తినేసరికి మోచేతుల దాకా కారుతుంది. ఈ రెండు కొసల మధ్య నిజంగా తినదగ్గవి ఎన్ని ఉన్నాయో చెప్పే ప్రకటన మాత్రం ఎవరూ వేయలేదు.

మేముండేది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. చుట్టుపక్కల ఏ షాపింగ్ సెంటర్‌కి వెళ్ళినా 'బిల్డ్ యువర్ ఓన్' అని బోర్డు కట్టిన బర్గర్ దుకాణం ఒకటి తగులుతుంది. బన్ను దగ్గర్నుంచి సాస్ దాకా అన్నీ మనమే ఎంచుకోవాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇది లోకం పుట్టినప్పటినుంచీ ఉన్న పద్ధతే అనుకుంటారు. ఇదే దేశంలో ఒకప్పుడు పికిల్ తీసేయమని అడిగితే పక్కకు జరిగి నిలబడమనేవారు. ఆ రోజులనుంచి ఈ బోర్డుల దాకా ఎలా వచ్చామో తెలిస్తే, ఆ కౌంటర్ దగ్గర ఏం అడగాలో కూడా తెలుస్తుందని నా నమ్మకం.

మొదట్లో జనానికి ఎంపిక అక్కర్లేదు, భరోసా కావాలి. 1906లో పుస్తకంగా వచ్చిన అప్టన్ సింక్లెయిర్ నవల 'ది జంగిల్' షికాగో మాంసం కర్మాగారాల్లోని మురికినంతా బయటపెట్టింది. మాంసం తనిఖీ చట్టం అదే ఏడాది వచ్చింది. అయినా ముక్కలు కొట్టిన మాంసాన్ని కళ్ళతో చూసి కొనొచ్చు, ఖీమా చేసినదాంట్లో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఆ అనుమానం పోగొట్టడానికే వాల్టర్ ఆండర్సన్ అనే వంటవాడూ బిల్లీ ఇంగ్రమ్ అనే వ్యాపారీ కలిసి 1921లో కాన్సస్‌లోని విచిటాలో వైట్ క్యాసిల్ పెట్టారు. తెల్లటి గోడలు, తెల్లటి దుస్తులు, అందరికీ కనబడేలా పెనం. ఒక్కోటి 5 సెంట్లు. ఉల్లిపాయల మీద ఆవిరికి ఉడికిన చిన్న చతురస్రపు ముక్క, పైన బన్ను. ఎక్కడ కొన్నా అదే రుచి. జనం దానికే ఎగబడ్డారు.

మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు డిక్, మ్యాక్ 1940లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో డ్రైవ్-ఇన్ తెరిచారు. మొదట్లో అది అందరి దుకాణాల్లాంటిదే. పాతిక రకాల వంటకాలు, కార్ల దగ్గరకే వచ్చి ఆర్డర్ తీసుకునే అమ్మాయిలు, పింగాణీ పళ్ళేలు, వాటిని ఎత్తుకుపోయే కుర్రకారు. వ్యాపారం బాగానే సాగుతున్నా 1948లో దాన్ని కొన్ని నెలలు మూసేశారు. లెక్కలు తిరగేస్తే అమ్మకాల్లో సింహభాగం హాంబర్గర్లదే అని తేలింది. మిగతావన్నీ ఎందుకని తొమ్మిది ఐటమ్‌లు ఉంచుకుని అన్నీ తీసిపారేశారు. ఆర్డర్ తీసుకునే అమ్మాయిలను మాన్పించారు, పళ్ళేల బదులు కాగితం వచ్చింది. 30 సెంట్ల బర్గర్ 15 సెంట్లకు దిగింది.

ఆ వంటగదిని వాళ్ళు గీసిన తీరు వింటే మా టెస్టింగ్ వాళ్ళకు ముచ్చటేస్తుంది. ఇంటి టెన్నిస్ కోర్టు మీద వంటగదిని నిజం కొలతల్లో సుద్దతో గీశారు. రాత్రి దుకాణం కట్టేశాక పనివాళ్ళను పిలిచి, బర్గర్లు చేస్తున్నట్టు ఉత్తచేతులతోనే అటూ ఇటూ నడిపించారు. ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో, ఎవరికి ఎవరు అడ్డం వస్తున్నారో చూసి పెనం ఇక్కడ, బన్నుల బల్ల ఇక్కడ అని గుర్తులు పెట్టారు. ఆ రాత్రే వాన కురిసి సుద్దంతా కొట్టుకుపోయింది. మళ్ళీ మొదటినుంచీ గీశారు.

ఆ గీతల్లో 'వద్దు' అనే మాటకు చోటు లేదు. పౌను మాంసానికి పది ప్యాటీలు, అంటే బిళ్ళలు. పెనం మీద ఒక్కసారే బోలెడు కాలుతుంటాయి. ఈలోపు బల్ల మీద బన్నులు వరసగా పరిచి ఉంటాయి. ఒక మీట నొక్కితే ఒక్కో బన్ను మీదా కొలత ప్రకారం కెచప్, మస్టర్డ్ పడే పరికరాన్ని ఊళ్ళోని ఒక మెకానిక్ చేత చేయించారు. తరిగిన ఉల్లిపాయలు, రెండు పికిల్ ముక్కలు. అన్ని బర్గర్లూ ఒకేలా తయారై, కాగితంలో చుట్టుకుని, వేడి దీపాల కింద కొనేవాడికోసం ఎదురుచూస్తుంటాయి. మన బంతిభోజనంలోనైనా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వడ్డించేవాడిని ఆపొచ్చు. అక్కడ ఆ వీలూ లేదు. నాకు ఉల్లిపాయ వద్దని ఒకడంటే వాడొక్కడికోసం వరస తెంచాలి, విడిగా ఒక ప్యాటీ వేయాలి, వెనకున్నవాళ్ళంతా ఆగాలి. కాబట్టి అడిగినవాడే ఆగాలి. అంత చవకగా అమ్మగలిగారంటే కారణం అదే, మనకు ఇష్టాయిష్టాలు లేవన్న లెక్క మీదే ఆ ధర నిలబడింది.

అయితే ఆ అన్నదమ్ములు పిసినారులు మాత్రమే అంటే నేనొప్పుకోను. వాళ్ళ బర్గర్‌లో ఏముందో చూడండి. కెచప్‌లో తీపి, మస్టర్డ్‌లో ఘాటు, పికిల్‌లో పులుపూ ఉప్పూ, పచ్చి ఉల్లిపాయలో కరకర, మాంసంలో కొవ్వు. ఒక్కో పనికి ఒక్కో వస్తువు, రెండోది లేదు. టమాటా ముక్క లేదు, అది నీళ్ళు వదిలి బన్నును నానబెడుతుంది. ఇవాళ పన్నెండు డాలర్లిచ్చి మన బర్గర్ మనం కూర్చుకునేటప్పుడు చేయాల్సిన ఆలోచన అంతా వాళ్ళు 15 సెంట్లలోనే చేసిపెట్టారు.

1948లోనే, అదే దక్షిణ కాలిఫోర్నియాలో, బాల్డ్విన్ పార్క్‌లో హ్యారీ స్నైడర్, ఎస్తర్ స్నైడర్ దంపతులు ఇన్-ఎన్-అవుట్ పెట్టారు. వీళ్ళు ముందే చుట్టిపెట్టరు, అడిగాకే పెనం మీద వేస్తారు. అందుకే అక్కడ కస్టమర్లు అడిగిన మార్పులు నెమ్మదిగా మెనూలో లేని మెనూగా తయారయ్యాయి. ప్యాటీకి మస్టర్డ్ పూసి కాల్చి, వేయించిన ఉల్లిపాయలు ఎక్కువగా వేసే 'యానిమల్ స్టైల్' 1961 నాటిది. కానీ అదొక చిన్న కుటుంబ దుకాణం సంగతి. దేశమంతటా గెలిచింది టెన్నిస్ కోర్టు పద్ధతే.

ఆ పద్ధతి మీద జనానికి ఎంత ఉక్రోషం పేరుకుపోయిందో తెలియాలంటే 1970లో వచ్చిన 'ఫైవ్ ఈజీ పీసెస్' సినిమా చూడాలి. జాక్ నికల్సన్ రోడ్డు పక్క హోటల్లో కూర్చుని ఆమ్లెట్‌తోపాటు టోస్ట్ అడుగుతాడు. విడిగా టోస్ట్ ఇవ్వడం కుదరదంటుంది సర్వర్. మార్పులూ చేర్పులూ కుదరవు, అక్కడి రూలు అది. అప్పుడతను మెనూలో ఉన్న చికెన్ సలాడ్ శాండ్‌విచ్ ఆర్డర్ చేసి, అందులోంచి ఒక్కొక్కటీ తీసేయమంటూ పోయి, చివరికి చికెన్ కూడా తీసేయమంటాడు. మిగిలేది టోస్టే కదా! ఆ తర్వాత నోటిదురుసు మాట అనేసి బల్ల మీదున్నవన్నీ ఊడ్చి పారేస్తాడు. నాకు ఆ సర్వరమ్మ మీదే జాలి, రూలు పెట్టింది ఆవిడ కాదుగా. కానీ ఆ సీను చూసి అమెరికా అంతా చప్పట్లు కొట్టింది.

చప్పట్లున్నచోట వ్యాపారం ఉంటుంది. బర్గర్ కింగ్ 1974లో 'హావ్ ఇట్ యువర్ వే' అంటూ ప్రచారం మొదలుపెట్టింది. వద్దన్నవి తీసేసి ఇస్తాం, అడిగితే విసుక్కోం అన్న అర్థం వచ్చేలా ఉద్యోగులు నవ్వుతూ పాడే పాట టీవీల్లో మారుమోగింది. బాణం ఎవరి మీద ఎక్కుపెట్టారో అందరికీ తెలుసు. వాళ్ళ వంటగది కూడా దానికి అనువైనదే. గొలుసు మీద కదులుతూ మంట మీద కాలిన ప్యాటీ వచ్చాక, పైవన్నీ బల్ల దగ్గర చేత్తో పేర్చేవారు. అక్కడ ఒకటి తగ్గిస్తే వరస తెగదు. వెండీస్ 256 లెక్క కూడా ఈ పోటీలో భాగమే. పికిల్ వద్దనడం హక్కుగా మారడానికి ఉద్యమాలేమీ జరగలేదు, ప్రకటనల బడ్జెట్లు సరిపోయాయి.

ఇక్కడినుంచి కథ మా టెక్సస్‌కి వస్తుంది. ఫిల్ రొమానో అనే రెస్టారెంట్ వ్యాపారి శాన్ ఆంటోనియోలో ఒక పాత బ్యాంకు భవనంలో ఫడ్‌రకర్స్ మొదలుపెట్టాడు. అది 1979-80 నాటి మాట. అద్దం గోడ వెనక మాంసం కొట్టి ఖీమా చేయడం అందరికీ కనిపించాలి, బన్నులు అక్కడే కాలి ఆ వాసన హాలంతా కమ్ముకోవాలి. వైట్ క్యాసిల్ తెల్లగోడల వెనకున్న ఆలోచనే ఇంకో అడుగు ముందుకేసిందన్నమాట. అసలు తెలివి మాత్రం ఆ తర్వాతి అంచెలో ఉంది. మన పేరు పిలిచి చేతికిచ్చేది బన్నూ ప్యాటీ మాత్రమే. మిగతావన్నీ హాలు మధ్యలో పొడుగాటి బల్ల మీద, ఐసు మీద పరిచి ఉంటాయి. లెట్యూస్, టమాటా, ఉల్లిపాయ చక్రాలు, పికిల్స్, హలపీన్యోలు, పంపు నొక్కితే కారే వేడి చీజు సాస్. ఎవరికి కావలసినవి వాళ్ళు వేసుకోవడమే.

మా చిన్న మరిది కొత్తగా దేశం దిగినప్పుడు అలాంటి చోటికే తీసుకెళ్ళాం. ట్రే పట్టుకుని ఆ బల్ల ముందు నిలబడిపోయాడు.

"వదినా, ఇదంతా ఫ్రీయేనా?"

"ఫ్రీ ఏమిటి నాయనా, నీ చేత కూలి చేయించుకుంటున్నాడు" అన్నాను.

నిజానికి అంతే. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు సుద్దగీతలతో, మీట నొక్కే పరికరంతో ఖర్చు తగ్గించుకున్న పనిని రొమానో ఏకంగా కస్టమర్ చేతిలో పెట్టేశాడు. ఆర్డర్ తప్పుగా వచ్చిందన్న గొడవ లేదు, పికిల్ వద్దన్నానుగా అనే పేచీ లేదు. మా మరిది పేర్చిన బర్గర్ నోటికి పట్టలేదు. ఫోర్కు తెప్పించుకుని ముక్కలు చేసుకుని తిన్నాడు. చేసినవాడు తనే కాబట్టి ఎవరిని తిడతాడు?

ఇన్ని ఎంపికలు తెరుచుకుంటున్న కాలంలోనే ఒకటి మూసుకుపోయింది. 1993లో జాక్ ఇన్ ద బాక్స్ దుకాణాల బర్గర్లలో ఈ-కోలై సోకి నాలుగు రాష్ట్రాల్లో 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. స్టేక్ మీదుండే క్రిమి పైపైన కాల్చినా చస్తుంది. ఖీమా చేస్తే అది లోపలికంటా కలిసిపోతుంది. అందుకే ఇవాళ ఖీమా బీఫ్ లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి తగలాలని ప్రభుత్వం చెబుతుంది. చాలా గొలుసు దుకాణాల్లో ఎలా కాల్చమంటారు అన్న ప్రశ్నే ఇప్పుడు వినబడదు.

మనవాళ్ళకు ఈ చరిత్ర మరోలా తగిలింది. హైదరాబాదు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసి, వై2కే పనుల కోసం గుంపులుగా వచ్చినవాళ్ళలో శాకాహారులు తక్కువేం కాదు. హైవే మీద ఆకలేస్తే కనబడేవి బర్గర్ దుకాణాలే. అక్కడ వాళ్ళు నేర్చుకున్న మొదటి అమెరికన్ ఆర్డర్, చీజ్‌బర్గర్‌లో మాంసం తీసేయమనడం. నికల్సన్ పంతానికి అడిగినది మనవాళ్ళు ఆకలికి అడిగారు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ఒకటికి రెండుసార్లు అడిగి, మేనేజర్‌ని పిలిచి, చివరికి బన్నులో చీజూ ఉల్లిపాయా పెట్టి పూర్తి ధరే తీసుకునేవాడు. టాకో బెల్‌లో బీఫ్ బదులు బీన్స్ వేయమనొచ్చు అన్న కబురు కొత్తగా వచ్చినవాళ్ళకు రూమ్మేట్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఉండేది. ఆరెగాన్‌లో పాల్ వెన్నర్ 1980ల మొదట్లో తన శాకాహార హోటల్లో మిగిలిన అన్నమూ కూరగాయలూ కలిపి చేసినదే పెరిగి గార్డెన్‌బర్గర్ అయింది. కానీ అది అన్ని ఊళ్ళకూ చేరడానికి చాలాకాలం పట్టింది.

ఫ్రెంచ్ ఫ్రైస్ ఉన్నాయిగా అనుకున్నవాళ్ళకు అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. మెక్‌డొనాల్డ్స్ 1990లో గొడ్డుకొవ్వు మానేసి నూనెకు మారానని ప్రకటించింది. రుచికోసం కలిపే పదార్థంలో మాత్రం బీఫ్ సారం అలాగే ఉండిపోయింది. 2001లో సియాటిల్‌లో హరీష్ భారతి అనే న్యాయవాది శాకాహారుల తరఫున దావా వేశారు. మరుసటి ఏడాది కంపెనీ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ, సిక్కు తదితర సంస్థలకు కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ వార్త వచ్చిన వారం మా ఆఫీసు లంచ్ బల్ల దగ్గర మొహాలు చూడాలి.

ఈ వెనకటి కథంతా ఉంది కాబట్టే బిల్డ్ యువర్ ఓన్ దుకాణాల్లో మనవాళ్ళు ఇంతమంది కనిపిస్తారు. మా ఇంట్లోనే చూడండి. మా ఆయన కోడి దాటి వెళ్ళరు. మా అబ్బాయి బీఫ్ తింటాడు, ఇంట్లో కాదు, బయట. అత్తయ్యగారు గుడ్డు తగిలినది కూడా ముట్టరు. ఈ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగే హోటళ్ళు ఎన్నుంటాయి?

జెఫ్ వైన్‌స్టీన్ 2003లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో 'ది కౌంటర్' తెరిచినప్పుడు, అట్టకు తగిలించిన కాగితమూ పెన్సిలూ కస్టమర్ చేతికిచ్చాడు. ప్యాటీ, చీజు, సాస్, బన్ను, పైవి అన్నిటికీ గళ్ళు. టిక్కు పెట్టడమే. 3,12,120 రకాలకు పైగా అని వాళ్ళ గొప్ప. వర్జీనియాలో 1986లో పుట్టిన ఫైవ్ గైస్ రెండున్నర లక్షలకు పైగా అంటుంది. ఆ లెక్క సులువే. ఉచితంగా వేసేవి 15, బర్గర్ రకాలు 8. చేసి చూస్తే 2,62,144 వచ్చింది. ఇన్ని టెస్ట్ కేసులు రాయమంటే నేను ఉద్యోగం మానేసేదాన్ని.

ఆ కాగితం పద్ధతి నడిచే ఒకచోట అత్తయ్యగారు పెన్సిలు తీసుకున్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి.

"అమ్మాయ్, ఈ బ్రియోష్ అంటే ఏమిటి?"

"గుడ్డూ వెన్నా వేసిన బన్నండీ."

గీత కొట్టేశారు. మయోనీజ్‌లో గుడ్డు, దాన్నీ కొట్టేశారు. ర్యాంచ్, అయోలీ అన్నీ దాని పిల్లలే, పోయాయి. వెజ్ ప్యాటీల్లో ఒకదాన్ని గుడ్డుతో అతికిస్తారని సర్వర్‌ని అడిగి తెలుసుకుని రెండోదానికి టిక్కు పెట్టారు. మిగిలినవాటిలో మామూలు బన్ను, పచ్చి ఉల్లిపాయ, హలపీన్యో, పికిల్, మస్టర్డ్. మా అబ్బాయి అవొకాడో, రెండు రకాల చీజు, వేయించిన గుడ్డు, పుట్టగొడుగులు, మూడు సాసులు పెట్టించాడు. వాడిది సగం దాకా వచ్చేసరికి అడుగు బన్ను నాని విడిపోయింది. ఆవిడది ఆఖరి ముద్ద దాకా గట్టిగా నిలబడింది, రుచికీ అదే మెరుగు. తనకు తెలియకుండానే ఆవిడ 1948 నాటి బర్గర్‌కి దాదాపు దగ్గరగా వచ్చేశారు. పెద్ద తేడా మాంసం దగ్గరే.

కనుక నా పద్ధతి ఇది. కాగితం చేతికి రాగానే ముందు కొట్టేస్తాను. మెత్తటి ప్యాటీ అయితే మెత్తటివేవీ దాని మీద పెట్టను. శాకాహార ప్యాటీలు చాలావరకు మెత్తగానే ఉంటాయి, వాటికి కరకరలాడేది కావాలి. సాస్ ఒక్కటే. పులుపు ఒకటి తప్పనిసరి, అది పికిలే కానక్కర్లేదు. చీజు ప్యాటీ పెనం మీద ఉండగానే వేయమంటాను, తర్వాత వేస్తే రబ్బరే. బన్ను లోపలి వైపు కాల్చమని విడిగా చెబుతాను, కాలిన పొర తడిని కాసేపు ఆపుతుంది. టమాటా మంచి కాలంలోనే. జనవరిలో వచ్చే పాలిపోయిన ముక్క ఉచితమైనా నాకొద్దు.

మెక్‌డొనాల్డ్స్ కూడా ఈ దారి తొక్కి చూసింది. 2013లో కాలిఫోర్నియాలో లగూనా నిగెల్ అనే ఊళ్ళో మొదలుపెట్టి, 'క్రియేట్ యువర్ టేస్ట్' పేరుతో తెర మీద వేలితో నొక్కి మన బర్గర్ మనమే కూర్చుకునే ఏర్పాటు చేసింది. ధర ఎక్కువ, చేయడానికి నిమిషాలు పడుతుంది, కారులో కూర్చుని కొనేవాళ్ళకు దొరకదు. 2016లో దాన్ని ఎత్తేశారు. టెన్నిస్ కోర్టు మీద గీసిన వంటగది దానికి ఒప్పుకోలేదు. తెరలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు పికిల్ తీసేయడానికి ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

బర్గర్ కింగ్ 2019లో దేశమంతటా ఇంపాజిబుల్ వాపర్ తెచ్చింది. ప్యాటీలో మాంసం లేదు గానీ, కాలేది మాంసం కాలే గొలుసు మీదే. అడిగితే విడిగా వండుతామన్నారు. అదే ఏడాది దాని మీదా కోర్టుకెళ్ళారు. అప్పటినుంచీ అత్తయ్యగారు ఎక్కడికెళ్ళినా పెనం సంగతి తేల్చుకోనిదే తినరు. మొన్నామధ్య తెరలున్న ఒక దుకాణంలో గళ్ళన్నీ వెతికారు. చీజు ఎక్కువ, చీజు తక్కువ, ఉప్పు లేకుండా, అన్నీ ఉన్నాయి, పెనం మాట లేదు. కౌంటర్ దగ్గరకు వెళ్ళి అక్కడున్న కుర్రాడిని నాచేత అడిగించారు. పెనం గీకి, చేతి తొడుగులు మార్చుకుని వేయాలంటే పదినిమిషాలు పడుతుంది, పక్కన ఆగమన్నాడు.

"ఆగుతాంలే బాబూ" అన్నారావిడ, తెలుగులోనే.